పేక తీసిన కృష్ణ

శ్రీరామ

రైల్వే క్వార్టర్లు, బెజవాడ,
18-8-1946.

పూజ్యులు బావగారికి, ఏడుకొండలు నమస్కరించి రాస్తున్నాను.

అక్క శుక్రవారం బండికి క్షేమంగా దిగింది. గుడివాడ దాకా నిలబడే వచ్చిందట, ఆ తర్వాత ఎవరో పుణ్యాత్మురాలు జరిగి చోటిచ్చిందట. మీరు పంపిన మినుములూ అప్పడాలూ చేరాయి. మంగళవారం ఆస్పత్రిలో చూపిస్తాను. కడుపునొప్పి వేడి చేసి వచ్చిందేనని అక్క అంటోంది. మీరు బెంగపెట్టుకోకండి. నాది ఆడదిక్కు లేని ఇల్లే అయినా పక్క క్వార్టరులో లాజరు మేస్త్రి భార్య అమలమ్మ ఉంది. నేను పనికి వెళ్ళినంతసేపూ ఆవిడ కనిపెట్టుకుని ఉంటుంది.

ఇక నా సంగతి. బొగ్గు రవ్వ పడి ఎడమ కన్ను పోయాక నన్ను ఇంజన్ మీంచి దింపి, స్టేషన్ మాస్టర్ల ట్రైనింగు బడిలో మోడల్ రూం అప్పగించారని మీకు తెలుసు. గదిలో ఒక పెద్ద బల్ల, దాని మీద బొమ్మ పట్టాలు, బొమ్మ సిగ్నళ్ళు. కొత్తగా చేరినవాళ్ళు వాటి మీద చిన్న బండ్లు నడిపి లైన్ క్లియర్ ఇవ్వడం నేర్చుకుంటారు. ఇన్నాళ్ళూ దుమ్ము దులపడం, చక్రాలకు నూనె వెయ్యడం తప్ప నాకు పని లేదు. ఇప్పుడొక కొత్త ఇన్‌స్ట్రక్టరు వచ్చాడు. ఇంగ్లండు పత్రికలో ఎవరో చేసిన బొమ్మ రైలు చూశాడట. అందులో కొండలున్నాయి, చెట్లున్నాయి, నది పారుతోంది. మనకూ అలాంటిది కావాలి అన్నాడు. డిసెంబరులో మద్రాసు నుంచి పెద్దాఫీసరు తనిఖీకి వచ్చేలోగా కృష్ణ మీది బ్రిడ్జి, ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, కింద నది, అన్నీ బల్ల మీదికి రావాలి. బాగుంటే నా ఉద్యోగం ఖాయం చేస్తారు. బాగుండకపోతే ఒంటికన్నువాడితో రైల్వేకి పనేముంది? క్వార్టరు ఖాళీ చెయ్యమంటారు.

కొండలు చేశాను. గోనెసంచులు పిండిసున్నంలో ముంచి తడికె మీద పరిస్తే ఆరి రాయిలా అయ్యాయి. నీళ్ళ దగ్గరే వచ్చింది తంటా. లాజరు వడ్రంగం మేస్త్రి కదా, పలక అద్దం తెచ్చి వెనక నీలం రంగు పూసి పరిచాడు. ఎంత చూసినా అది కిటికీయే. అక్కతో చెబితే, "కృష్ణలో ఎవరో కిటికీ పారేసుకున్నారన్న మాట" అంది. పైగా ఒక కన్నుతో చూస్తే నాకు దగ్గరేదో దూరమేదో తెలియడం లేదు. బ్రిడ్జి నీళ్ళకు ఆనుకుని ఉన్నట్టే కనిపిస్తోంది.

మీరు రంగు తెలిసినవారు. కృష్ణ నీళ్ళది ఏ రంగు బావగారూ? రోజూ చూస్తూనే ఉన్నా చెప్పలేకపోతున్నాను. అలిసిపోయాను.

ఇట్లు,
మీ బావమరిది
ఏడుకొండలు

*

పెడన,
27-8-1946.

చిరంజీవి ఏడుకొండలుకు బావ పాండురంగయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. మీ అక్కకు నువ్వు కేటాయించింది గుప్పెడు మాటలు, మిగిలిందంతా బొమ్మ రైలు. ఎక్కడైనా మందు పేరు తగులుతుందేమోనని అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివాను. పిండిసున్నం తగిలింది. డాక్టరు ఏమన్నాడో ఈసారి మొదట రాసి, తర్వాత నీ కొండలు ఎక్కు.

కృష్ణది ఏ రంగంటావా? ఏ నెల కృష్ణ? ఇప్పుడైతే వరదకు చిక్కటి టీ రంగు. మార్గశిరంలో అయితే నీలి తొట్టిలో మూడు మునకలు వేసి తీసిన నూలు రంగు, ఒడ్డున ఒక మునక రంగు. నీ ఆఫీసరు డిసెంబరులో వస్తాడు గనక మార్గశిరం నీళ్ళు చెయ్యి. ఇంత చిన్న సంగతి నీకు తోచకపోవడం వింత కాదు. పదిహేడో ఏట నా మగ్గం గుంటలోంచి లేచి ఇంజన్ ఎక్కినవాడివి.

మొన్న వీధిలో పడుగు పోగులు నిలువునా సాగదీసి గంజి పెట్టాం. అవతలి చివర మీ అక్క లేదు గనక పక్కింటి రత్తయ్య పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా నేను కుంచె తోస్తూ వెళ్తుంటే, ఎక్కడ బిగించాలో ఎక్కడ వదలాలో ఆమె చేతికే తెలుసు, నేను నోరు విప్పే పని లేదు. రత్తయ్య ఎద్దు పగ్గం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. సగం పోగులు అతుక్కుపోయాయి. ఆ పడుగు మీద నేసిన మొదటి చీరలో బెత్తెడు మేర చెడింది. "కంట్రోలు నూలు కదా మావా, ఆ మేరకు విప్పేసి మళ్ళీ నేసుకో" అన్నాడు. కొట్టబోయి ఆగాను. మా ఇంట నేసింది విప్పరు. మా అమ్మ పోయిననాడు మా నాన్న ఆమె చీర చెంగున జానెడు మేర అడ్డంగా పోయే పేక పోగు తీసి, కండెకు చుట్టి మగ్గానికి కట్టాడు. మా ఇంట విప్పడమంటే అదొక్కటే. బతికున్న మనిషి బట్ట విప్పితే ఆ మనిషిని సాగనంపినట్టే.

కార్తీకం వెళ్ళేలోగా పన్నెండు చీరలు సొసైటీకి అప్పగించకపోతే నూలు కార్డు తీసేస్తారు. లేకపోతే నేనే వచ్చి చూసేవాణ్ణి. మీ అక్కకు ఈ ఉత్తరం చదివి వినిపించు. గేదె ఈనింది, పెయ్యదూడ అని చెప్పు.

నీ బావ,
పాండురంగయ్య

*

బెజవాడ,
10-9-1946.

బావగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే మొదట డాక్టరు సంగతి. చూశారు. మందిచ్చారు. ఎర్రటి మందు, సీసాకు గీతలు కత్తిరించిన కాగితం అతికించి ఉంటుంది, గీతకొక మోతాదు. మూడు పూటలా నేనే పోసి ఇస్తున్నాను. కొంతకాలం ఇక్కడే ఉండి వాడమన్నారు. అంతే, రాయడానికి ఇంకేమీ లేదు.

మీ ఉత్తరం చదివి వినిపించాను. పెయ్యదూడ అనగానే అక్క మొహం వెలిగింది. రత్తయ్య పడుగు పట్టుకున్న తీరు మూడుసార్లు చదివించుకుని నవ్వింది. నవ్వితే పక్క పట్టుకుంటుంది, అందుకని నాలుగోసారి చదవలేదు.

అద్దం తీసేశాం. సగ్గుబియ్యం జావలో నీలిమందు కలిపి పోసి ఆరబెట్టాను. మొదటిరోజు అద్భుతంగా ఉంది బావగారూ, ఒట్టు. లోతు కనిపించింది, తళుకు కనిపించింది. ఇన్‌స్ట్రక్టరు వంగి చూసి భుజం తట్టాడు. రెండోరోజు నది నిండా చీమలు. సీతానగరం ఒడ్డు నుంచి బారులు తీరి బెజవాడ వైపు వస్తున్నాయి. మూడోరోజుకి నది బీటలు వారింది. గీకి పారెయ్యడానికి నాకూ లాజరుకూ రెండు రోజులు పట్టింది. గీకుతూ గీకుతూ లాజరు, "ఇంజను తోలినవాడివి, ఇదేం ఖర్మ మనకి" అన్నాడు. నేను గీకుతూనే ఉన్నాను.

అక్క మాత్రం మంచం మీద కూర్చుని తాటిచెట్లు చేస్తోంది. కొబ్బరి ఈనె మాను, పచ్చరంగు అద్దిన కాగితం మట్టలు. తుమ్మచెట్లకు బీరపీచు రంగులో ముంచి చిదుపుతోంది. నేను చేసిన చెట్టు చూసి, "కొండ కంటే నీ తాడిచెట్టే పొడుగుందిరా, కల్లు తియ్యడానికి ఆంజనేయస్వామి రావాలి" అంది. నాకు లేని రెండో కన్ను ఆమే అయింది.

మీ
ఏడుకొండలు

*

బెజవాడ,
12-9-1946.

బావా,

ఈ ఉత్తరం రాస్తున్నాను గాని పోస్టు చెయ్యను. ఎవరితోనైనా చెప్పకపోతే ఉండలేక రాస్తున్నాను.

అది వేడి కాదు. కడుపులో గడ్డ. కొయ్యడానికి ఆలస్యమైందన్నారు డాక్టరు. ఏడాది కిందట తెచ్చి ఉంటే ఏమో అన్నారు. ఆ మాట అక్క ముందే అన్నారు. అక్క తల వంచుకుని విని, చెంగు సర్దుకుని, "నెలలా, రోజులా?" అని అడిగింది. సంక్రాంతి దాకా గట్టిగా చెప్పలేమన్నారు.

జట్కాలో వస్తూ నా చేత ఒట్టు వేయించుకుంది. "మీ బావకి చెప్పావో, నా శవం చూస్తావు. చెబితే మగ్గం మీద చీర మగ్గం మీదే వదిలేసి వస్తాడు. కార్డు తీసేస్తారు. నేను పోయాక ఆ మగ్గం తప్ప ఆయనకి ఏముంది? పన్నెండు చీరలూ అప్పగించాక నేనే కబురు చేస్తాను." ఒట్టు వేశాను. వెయ్యకుండా ఎలా ఉండగలను? అమ్మ పోయాక నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది.

మందు నొప్పి తెలియకుండా ఉండడానికి, అంతే. నా క్వార్టరు పోతే ఆస్పత్రి దగ్గర తల దాచుకోడానికి మాకు మరో చోటు లేదు. అందుకని రోజంతా ఆ బల్ల దగ్గర నీళ్ళు చేస్తున్నాను. మీకు రాసేటప్పుడు కలం అక్క వైపు వెళ్తే నిజం రాసేస్తానని భయం, అందుకే నీళ్ళ గురించే రాస్తున్నాను. మీకు కోపం వస్తుంది. రానివ్వండి.

ఏడుకొండలు

*

పెడన,
29-9-1946.

ఏడుకొండలుకు,

నెలన్నర దాటింది. ఎర్ర మందట, గీతల సీసాట. అది తాగి నయమవుతోందా లేదా? ఆ ముక్క రాయడానికి నీ చెయ్యి రావడం లేదు గాని, చీమల బారుకు పేజీ నిండా చోటుంది. గంజి గాని జావ గాని చిటికెడు మైలుతుత్తం కలపకుండా వాడితే చీమలు రాక ఏనుగులు వస్తాయా? మగ్గం ఇంట పుట్టినవాడివి, అదీ మరిచిపోయావు.

నాకు తోచింది చెబుతాను, కోపం తెచ్చుకున్నా సరే. తాటిచెట్లు చేసే ఓపిక ఉన్న మనిషికి ఇంటికి వచ్చే ఓపిక ఉండదా? నీ ఉద్యోగం నిలబెట్టుకోడానికి మా ఆవిణ్ణి పనిలో పెట్టుకున్నావు. ఆమెకూ పట్నం బాగానే ఉన్నట్టుంది, పాలూ పంపు నీళ్ళూ ఇంటి ముందుకే వస్తాయి. ఇక్కడ నేను ఒక్కణ్ణీ కండెలు చుట్టుకుని, ఒక్కణ్ణీ నేసుకుని, చద్దన్నం తింటున్నాను. ఏడో చీర మగ్గం మీద ఉంది. వెన్ను నిలబడడం లేదు.

దసరాకు పంపించు. తీసుకురావడానికి నీకు తీరకపోతే బండి ఎక్కించి కార్డు రాయి. నేను స్టేషనుకు వస్తాను.

పాండురంగయ్య

*

బెజవాడ,
9-10-1946.

బావగారికి నమస్కారాలు.

దసరాకు పంపలేకపోయాను. డాక్టరు ప్రయాణం వద్దన్నారు. కుదుపులకు మందు పనిచెయ్యదట. నన్ను తిట్టండి, అక్కను అనకండి.

జావలో మైలుతుత్తం కలిపి మళ్ళీ ప్రయత్నించాను. చీమలు రాలేదు, బీటలు మాత్రం వచ్చాయి. తర్వాత ముఖం చూసుకునే అద్దం పెట్టాం. అందులో బ్రిడ్జి తలకిందులుగా బాగానే పడింది గాని, వంగి చూసినవాడికల్లా కృష్ణలో వాడి మొహమే కనిపిస్తోంది. ఇన్‌స్ట్రక్టరు తన మొహం తనే చూసుకుని కళ్ళజోడు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇంక రెండు నెలలే ఉంది.

ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరు. అక్క ఒక ఉపాయం చెప్పింది. గంజి పెట్టిన పడుగు వీధిలో సాగి ఉన్నప్పుడు పొద్దుటెండ పడితే పారే నీళ్ళలాగే ఉంటుందట. పోగులన్నీ ఒకే వాలున, కదలకుండానే కదులుతున్నట్టు. బల్లకు రంగు వేసి దాని మీద నీలం పడుగు బిగించి, గంజి కుంచె తోసి, పైన పల్చగా వార్నీషు పూస్తే చాలంది. మూడు మునకల నీలంలో గజమున్నర పడుగు పంపమని మిమ్మల్ని అడగమంది. అక్క ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి కృష్ణ చూడలేదు. మైలు దూరం కూడా లేదు, ఎండ ఎక్కువగా ఉందని నేనే తీసుకెళ్ళలేదు. "ఆ నీళ్ళేవో ఇక్కడే చేసుకుని చూస్తాను" అంటోంది. దయచేసి పంపండి.

మీ
ఏడుకొండలు

*

పెడన,
18-10-1946.

ఏడుకొండలుకు,

సిగ్గు లేకుండా అడిగావు, సిగ్గు పడకుండా చెబుతాను. పంపను.

ఒక్కొక్క నూలు చిలపకు క్యూలో నిలబడి, కార్డు మీద ముద్ర వేయించుకుని తెచ్చుకుంటున్న రోజులివి. మా వీధిలో నాలుగు మగ్గాలు ఆగిపోయాయి. ఆ మగ్గాలవాళ్ళు తట్టలు మోస్తున్నారు. ఈ నూలు బొమ్మ రైలు కింద నీళ్ళు చెయ్యడానికి కావాలా నీకు? అదీ మా ఆవిడ పేరు చెప్పి అడుగుతావా? ఆమె అలా అడగదు. చిన్న పోగు కింద పడితే వంగి ఏరి చెంగున ముడి వేసుకునే మనిషి ఆమె. నీకు నీ నోటితో అడగడానికి మొహం చెల్లక ఆమె నోట పెట్టావు.

ప్రయాణం వద్దన్నారట. ఏ రోగానికయ్యా రెండు నెలలు ప్రయాణం వద్దంటారు? అక్కడే ఉండదలుచుకుంటే ఉండమను. ఇక్కడ ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరని చెప్పు.

పాండురంగయ్య

*

బెజవాడ,
8-11-1946.

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అక్కకు చదివి వినిపించాను. చివరి వాక్యం మింగేద్దామనుకున్నాను, నా మొహం చూసి పట్టేసింది. చదివాను. నవ్వింది. "ఆయన రాసిందీ నిజమే, నూలెక్కడుంది? నా మీద ఇంత కోపం వచ్చిందంటే అన్నం సరిగ్గా తినడం లేదన్న మాట" అంది. తర్వాత చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పెట్టె తెరిచి నీలం చీర తియ్యమంది. మీకు గుర్తుండే ఉంటుంది, పెళ్ళైన రెండో ఏడు మీరు సొంతంగా నీలి వేసి నేసి ఇచ్చిన చీర, పండగలకు తప్ప కట్టదు. చెంగు చివర పట్టుకుని పేక లాగడం మొదలుపెట్టింది. వద్దంటే వినలేదు. పోగు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, దిండుకు ఆనుకుని రోజుకు జానెడు, బాగున్న రోజున మూరెడు. అమలమ్మ సాయం చేస్తానంటే కూడా ఇవ్వలేదు. నిన్నటికి గజమున్నర మేర పేకంతా తీసేసి నిలువు పడుగు పోగులు మాత్రం మిగిల్చింది. దాన్ని బట్ట అంచున కత్తిరించి ఇచ్చింది.

బావగారూ, నీళ్ళు వచ్చాయి! బల్ల మీద ఇసుక రంగు, మధ్యలో ముదురు నీలం వేసి, ఆ పడుగు బ్రిడ్జి కిందుగా బిగించి, అక్క చెప్పినట్టు పల్చటి గంజి కుంచెతో వాలుగా తోశాను. స్తంభాల దగ్గర పోగులు కొంచెం పక్కకు జరిపితే నీళ్ళు స్తంభం దగ్గర చీలి పోతున్నట్టే ఉంది. ఆరాక వార్నీషు. ఒంటి కన్నుతో చూసినా నాకు బ్రిడ్జి ఎంత ఎత్తున ఉందో తెలిసింది. లాజరు టోపీ తీసేశాడు.

తీసిన పేకంతా అక్క కండెకు చుట్టింది. "కంట్రోలు రోజులు, ఊరికే పోనివ్వకు, ఆయనకి పంపు" అంది. ఈ ఉత్తరంతో పార్సిలు చేస్తున్నాను. పదో చీరకో పదకొండో చీరకో పనికొస్తుంది గదా.

అక్క కులాసా.

మీ
ఏడుకొండలు

*

తంతి
పెడన నుంచి, 10-11-1946.

కండె చేరింది. బయలుదేరాను. బండికి ఎదురు రాకు. ఆమె దగ్గర ఉండు.

పాండురంగయ్య

*

బెజవాడ,
22-12-1946.

బావగారికి నమస్కారాలు.

అక్క పదకొండో రోజు ముగించుకుని మీరు వెళ్ళాక ఉత్తరం రాద్దామని నాలుగుసార్లు కూర్చున్నాను. మీరు ఇక్కడున్న ఆ కాస్త కాలంలో మనిద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు. మాట్లాడటానికి నాకు ధైర్యం లేకపోయింది.

సెప్టెంబరులో రాసి పోస్టు చెయ్యని ఉత్తరం ఒకటి దీంతో పెడుతున్నాను. అది చూస్తే నేనెందుకు నీళ్ళ గురించే రాశానో మీకు తెలుస్తుంది. ఒట్టు నిలబెట్టుకున్నానని గొప్ప చెప్పుకోవడం లేదు. నిలబెట్టుకున్నందుకు రోజూ బాధపడుతున్నాను. నిజం రాసి ఉంటే ఇంకో రెండు నెలలు ఆమె పక్కన మీరుండేవారు.

మీరు వెళ్ళాక పాత ఉత్తరాలన్నీ తీసి చూశాను. మీ ఇంట నేసింది ఎప్పుడు విప్పుతారో ఆగస్టులోనే రాశారు. అది అక్కకు వినిపించింది నేనే. చదివి, మరిచిపోయి, ఆమె కండె చుడుతుంటే ఎదురుగా కూర్చుని చూసి, ఆ కండెను నా చేత్తో పార్సిలు కట్టి, అక్క కులాసా అని రాశాను. మీరు ఎప్పుడూ నన్ను మగ్గం మరిచినవాణ్ణని ఎత్తిపొడిచేవారు. ఇక ఎత్తిపొడిచినా నేను నోరెత్తను.

మీరు అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, మీరొక వైపూ లాజరొక వైపూ పట్టుకుని మోడల్ రూంలోకి తీసుకొచ్చిన పొద్దున నేను లోపలికి రాలేకపోయాను. లాజరు కూడా బయటికి వచ్చేశాడు. తలుపు అవతల ఎంతసేపు నిలబడ్డామో. మీరేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మీకు చెప్పాలనిపిస్తేనే చెప్పండి.

పెద్దాఫీసరు పదహారో తేదీన వచ్చాడు. గదిలో ఉన్నది ఆరు నిమిషాలు. సిగ్నలు లివర్లు ఒక్కొక్కటీ లాగి చూశాడు. ఒకటి పడలేదు, నేను వంగి సరిచేశాను. "గుడ్" అన్నాడు. వెళ్ళిపోయాడు. నీళ్ళ వైపు చూడనే లేదు. మర్నాడు నా ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం వచ్చింది. ఆ కాగితం జేబులో పెట్టుకుని, గది తాళం వేస్తూ గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. ఎవరికోసమైతే ఈ క్వార్టరు నిలబెట్టుకుందామనుకున్నానో ఆమె లేదు.

మీ
ఏడుకొండలు

*

పెడన,
5-1-1947.

చిరంజీవి ఏడుకొండలుకు బావ ఆశీస్సులు.

రెండు ఉత్తరాలూ చదివాను. పోస్టు చెయ్యనిదాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. నువ్వు చేసిన తప్పేమీ లేదు. ఒట్టు వేయించుకున్నది ఆమె, ఒట్టు తప్పింది కూడా ఆమే. నీ నోరు కట్టేసి తన చేత్తో నాకు కబురు పంపింది. పార్సిలు విప్పి ఆ నీలం చూడగానే ఏ చీరో తెలిసింది. మగ్గం గుంటలోంచి ఎలా లేచానో గుర్తు లేదు. చెప్పులు కూడా వేసుకోలేదని గుడివాడలో బండి ఆగినప్పుడు చూసుకున్నాను.

ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరని రాశాను చూడు, ఆ మాట చదివి వినిపించినందుకు మొదట నీ మీద మండిపడ్డాను. ఇప్పుడు లేదు. రాసినవాణ్ణి నేను. చదివినవాణ్ణి అని ఏం లాభం? వచ్చిన రోజునే ఆమె దగ్గర ఆ సంగతి ఎత్తాను. "మీరు రాయకపోతే నాకు చీర విప్పాలని తోచేది కాదు లెండి" అంది. ఓదార్చడానికి అందో, నిజంగానే అందో నాకు తెలియదు. తెలుసుకోడానికి ఇక అడిగే మనిషి లేదు.

మోడల్ రూం సంగతి అడిగావు. మీ అక్క చాలాసేపు నీళ్ళు చూస్తూ కూర్చుంది. తర్వాత ఇలా అంది: "మీరు గంజి పెట్టిన పడుగు ఇంత బాగుంటుందని నాకెప్పుడూ తెలియదండీ. ముప్పై ఏళ్ళూ అవతలి చివర తల వంచి బిగించి పట్టుకోవడమే సరిపోయింది. మధ్యలో నిలబడి చూసిందెప్పుడు?" ఆమెను కూర్చోబెట్టి చూపించాలని నాకు ఒక్కరోజైనా తోచలేదు. పని, పని అన్నాను. ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అంతే జరిగింది లోపల.

సొసైటీవాళ్ళు కార్డు తీసేశారు. పది చీరలే అప్పగించాను. పోనీ. రత్తయ్య తన వంతు నూలులో కాస్త ఇచ్చాడు, మగ్గం ఆగలేదు. పడుగుకు గంజి పెట్టేటప్పుడు అవతలి చివర అతనే పట్టుకుంటున్నాడు. ఇప్పుడు కొట్టబోవడం లేదు, నేర్పుతున్నాను. కండె మా నాన్న కట్టిన చోటే మగ్గానికి కట్టాను.

నీ నదిలో మూడో స్తంభం పక్కన ఒక పోగు పాలిపోయి, తెల్లగా మెరుస్తూ ఉంటుంది. వెలుగు పడిందనుకుంటారు చూసినవాళ్ళు. అది వెలుగు కాదు, నీలి తొట్టిలో నా చెయ్యి జారి ఒక మునక తక్కువైన పోగు. చీర కట్టినప్పుడల్లా మీ అక్క దాన్ని వేలితో చూపించి నన్ను ఆటపట్టించేది. ఎవరైనా తప్పు పట్టినా దాన్ని మార్చకు.

ఎండాకాలం సెలవు దొరికితే ఇక్కడికి రా. గేదె పాలిస్తోంది, తాగేవాళ్ళు లేరు. ఆ గది తాళం నీ దగ్గరే ఉంచుకో. నీళ్ళ మీద దుమ్ము పడితే పడుగు వాలునే తుడువు, అడ్డంగా తుడవకు, పోగులు లేచిపోతాయి.

నీ బావ,
పాండురంగయ్య